మూడో గడి

సాయిప్రసన్న మేడం నన్ను రెండోసారి అడగలేదు. తొమ్మిదేళ్ళుగా నాలో నలుగుతున్న కోపమంతా ఆ ఒక్కదాని మీదే. మేకల కాపరిని రెండుసార్లు అడిగేది. తాటిచెట్లెక్కే వాణ్ణి రెండుసార్లు అడిగేది. విస్సన్నపేట మామిడితోటలో కాపలా ఉండే చిట్టెమ్మకు చెవులు సరిగ్గా వినపడవు, అయినా నక్షత్ర తాబేలు సంగతి ఆమెను పొద్దున ఒకసారి, సాయంత్రం టీ తాగుతూ ఇంకోసారి, అరిచి మరీ అడిగింది. నన్ను మాత్రం ఒక్కసారి అడిగి పుస్తకం మూసేసింది. ఇప్పుడు ఈ షామియానా కింద, కంపెనీవాళ్ళ బల్లకు ఒక పక్కగా, నీలం చీరలో కూర్చుని నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉంది. జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది. నేను వెనక నుంచి మూడో వరుసలో, ఒక కాలు విరిగి ఇటిక పెట్టిన ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో ముప్పై ఏడో నంబరు చీటీ. మైకులో పన్నెండో నంబరును పిలుస్తున్నారు. తేనెగుట్టలో మిగిలిన సగం కూడా కంకర క్వారీకి ఇవ్వాలా వద్దా అని జనాన్ని అడిగే మీటింగు ఇది. మొదటి సగం ఇచ్చేటప్పుడూ ఇలాగే తిరువూరు శివార్లలో షామియానా వేశారు, ఇలాగే చీటీలు పంచారు. అప్పుడు నేను చీటీ తీసుకోలేదు. అప్పుడు నాకు చెప్పేదేమీ లేదని నాకు నేను చెప్పుకున్నాను.

ఎండ గుడ్డలోంచి దిగి అందరి మొహాల మీద ఎర్రగా పడుతోంది. ఆ ఎరుపు నాకు మోదుగపూలను తెస్తుంది, మోదుగపూలు ఫిబ్రవరిని తెస్తాయి, ఫిబ్రవరి ఆమె జీపును తెస్తుంది. ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే పోతున్నాను. వద్దు. పన్నెండో నంబరు పిల్లల చదువుల గురించి మాట్లాడుతున్నాడు, కంపెనీ బడికి బెంచీలు ఇచ్చిందంటున్నాడు, కొందరు చప్పట్లు కొడుతున్నారు. పక్క కుర్చీలో బ్రహ్మయ్య గారు కూలబడ్డారు. బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు ఆయనది, లోకంలో ప్రతి మీటింగుకూ వస్తారు.

“ఏవయ్యా ఐజాకూ, బిరియానీ కూపను తీసుకున్నావా, ఉత్తినే వచ్చావా?”

“మాట్లాడదామని వచ్చానండి.”

“మాట్లాడినోళ్ళకి కూపను ఇస్తారో లేదో ముందు కనుక్కో.” తన మాటకు తానే నవ్వుకుని గడ్డంతో బల్ల వైపు చూపించారు. “మీ మేడమేగా అక్కడ? ఆవిడెనకాల దుర్భిణి మెళ్ళో ఏసుకుని తిరిగేవాడివి. మా ఇంట్లో ఆడోళ్ళు నిన్ను పిట్టలదొర వచ్చాడనేవాళ్ళు, తెలుసా నీకు?”

తెలుసు. ఊళ్ళో పిల్లలు కూడా అనేవాళ్ళు. అయినా ఆ దుర్భిణి బరువు నా మెడకు ఇంకా గుర్తే. తాడు రాసుకున్నచోట చెమటకాయలు లేచేవి, నా భార్య రూత్ కొబ్బరినూనె రాస్తూ తిట్టేది. దాన్ని కళ్ళకు పెట్టుకుంటే కట్టలేరు అవతలి గట్టు మీద పాలపిట్ట రెక్కలోని నీలం నా అరచేతిలోకి వచ్చేది. ఏడో తరగతిలో బడి మానేసిన వాణ్ణి నేను. మా నాన్నకు నడుం పడిపోయింది, ఎవరో ఒకరు గేదెల వెంట పోవాలి, నేను పోయాను. ఇరవై ఏళ్ళు గుట్ట చుట్టూ తిరిగాను. దానివల్ల నాకు ఏ సర్టిఫికెట్టూ రాలేదు. కానీ కౌజుపిట్టలు ఏ పొదలో గుడ్లు పెడతాయో, వానకు ముందు ఉడుము ఏ బండ మీద ఎండ కాగుతుందో తెలిసింది. ఇదంతా ఎవరికి కావాలి అనుకునేవాణ్ణి. ఒకరోజు జీపు ఆగింది. కళ్ళజోడు, భుజాన గుడ్డసంచి, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. “ఈ చుట్టుపక్కల జంతువుల సంగతి తెలిసినవాళ్ళు మీరేనంట కదండీ” అంది. నా వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

ఆమె పని ఏమిటో అర్థం కావడానికి నాకు నెల పట్టింది. రోడ్డు వెయ్యాలన్నా, పైపులు పాతాలన్నా, గుట్ట తవ్వాలన్నా, ముందుగా అక్కడ చట్టం కాపాడే ప్రాణులు ఏమున్నాయో వెతికి రాసిచ్చేవాళ్ళు కావాలి. కంపెనీ జీతమిస్తుంది, ఆమె రాస్తుంది. “కంపెనీ డబ్బుతో కంపెనీకి ఇష్టం లేనిది రాయడమే నా ఉద్యోగం ఐజాక్ గారూ” అని నవ్వేది. ఆమె పుస్తకంలో ప్రతి పేజీకీ మూడు గడులు. కంటితో చూసింది ఒకటి. గుర్తు చూసింది ఒకటి, అంటే అడుగు, పేడ, ఈక, తవ్విన గుంట. మూడోది, కుడిచేతి వైపు చివర, ఊరివాళ్ళు చెప్పింది. మూడో గడికి విలువ లేదనుకున్నాను మొదట్లో, పుస్తకంలో సందు మిగిలితే పెట్టారనుకున్నాను. “నేను ఇక్కడ ఉండేది తొంభై రోజులండీ. మీరూ మీ వాళ్ళూ ఉన్నది వందేళ్ళు. ఆ గడి లేకపోతే నా రిపోర్టుకు కళ్ళు లేనట్టే” అంది. మూడో గడి అంటే నేను. ఆరేళ్ళపాటు నేనే.

ఆరేళ్ళు! నెమలి ఊరు, పెనుగొలను, విస్సన్నపేట, అవతల పోలవరం కాలవగట్ల దాకా. లాడ్జీలో పక్కగది నాకు కూడా తీసేవాళ్ళు, చద్దిమూట విప్పితే ఆమె కూడా ఒక ముద్ద అడిగి తినేది. పది మీటర్ల తాడు నాలుగు పక్కలా పరిచి అందులోని మొక్కలన్నీ లెక్కపెట్టేవాళ్ళం, నేను పేరు చెప్తే ఆమె దానికి ఇంకో పేరు చెప్పేది, ఎవరికీ పుట్టనట్టున్న పొడుగు పేరు. అవి నాకు ఇప్పటికీ వస్తాయి. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని, మిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ, వాటిని ఒక్కొక్కటే పైకి అనుకుంటాను. లారీ డ్రైవర్లు నేనేదో ప్రార్థన చేసుకుంటున్నానని పక్కకు తప్పుకుంటారు. ప్రార్థనేనేమో.

చిట్టెమ్మలా చెవులు వినపడనివాళ్ళను తప్ప, రెండోసారి ఆమె మాటతో అడగదు. టీ గ్లాసు పక్కన పెట్టి, పుస్తకంలో ఆ పేజీ తీసి, పెన్సిలు కాగితం మీంచి కాస్త పైకెత్తి, కళ్ళజోడు మీదుగా మనిషిని చూస్తుంది. అంతే. పెనుగొలనులో ఒకాయన పొద్దున ‘మా చేలల్లో ఉడుములా, లేనేలేవండి’ అన్నవాడు, ఆ చూపుకు మెడ గోక్కుని, “ఒకటుండేదండి, పోయిన ఆదివారం దాకా” అన్నాడు. ఆమె నవ్వలేదు. నేను జీపెక్కాక నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాను. “మొదటిసారి అడిగితే భయపడి చెప్తారు, రెండోసారి ఆలోచించి చెప్తారు” అంది. మరి నా దగ్గర ఎందుకు ఆపేశావమ్మా. నేను భయపడనని ఎవరు చెప్పారు నీకు.

“పంతొమ్మిదో నంబరు!” ఎవరో ఆడమనిషి లేచింది. దుమ్ము గురించి, పిల్లాడి ఆయాసం గురించి మాట్లాడుతోంది, మైకు గీరుమంటోంది. ఆమె చెప్పింది చెప్పినట్టు మేడం రాసుకుంటోంది. అదే పెన్సిలు. కాదు, అదే పెన్సిలు ఎలా ఉంటుంది, నా పిచ్చి.

అలుగును మీరు చూసి ఉండరు. ఒళ్ళంతా పొలుసులు, తాటిటెంక అంత తల, పళ్ళు ఉండవు, చీమల్నీ చెదల్నీ నాలుకతో లాక్కుని బతుకుతుంది. భయమేస్తే ఉండ చుట్టుకుంటుంది. పరిగెత్తదు, కరవదు, ఉండ చుట్టుకుని భయం పోయేదాకా ఆగుతుంది. అందుకే దాన్ని పట్టుకోవడం అంత తేలిక. మేడం దానికి చెప్పే పొడుగు పేరు మానిస్ క్రాసికాడేటా. నేను చూసింది మా పొలం గట్టునే, పొద్దుగూకే వేళ, హద్దురాళ్ళ పక్కన బలుసు పొద కింద. బొరియ ముందు మన్ను తడిగా, కొత్తగా ఉంది. కదలకుండా కూర్చున్నాను. తల్లి బయటికొచ్చింది, దాని తోక మొదట్లో అడ్డంగా పడుకుని పిల్ల, పొలుసులింకా మెత్తగా, తెల్లగా. అలుగు నడక మీరు చూడాలి. ముందుకాళ్ళ గోళ్ళు లోపలికి మడుచుకుని నడుస్తుంది, గుప్పిట్లో ఏదో దాచుకుని పోతున్న ముసలివాడిలా. నా కాలికి జానెడు దూరంలోంచి పోయింది. నేను ఊపిరి తియ్యలేదు. నా మొత్తం బతుకులో నా దగ్గరికి తనంత తానుగా వచ్చింది ఆ ప్రాణి ఒక్కటేనేమో. ఇంటికొచ్చి మా అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మేడానికి చెప్పాలనుకున్నాను, ఫోనులో కాదు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించినట్టు చూపించాలనుకున్నాను. ఆ సంబరమే వేరు. ఏడాది దాచిపెట్టుకున్నాను ఆ సంబరాన్ని.

తరువాత ఫిబ్రవరిలో ఆమె మా తేనెగుట్టకే వచ్చింది. క్వారీ కోసం సర్వే. ఆ రాత్రి అన్నం పెడుతూ మా అమ్మ మేరమ్మ గరిటె గిన్నెలో వదిలేసి నా ఎదురుగా కూర్చుంది.

“ఒరే ఐజాకూ, నోరు కట్టుకో. జంతువుందని కాయితమ్మీద పడిందా, ఫారెస్టోళ్ళొచ్చి కంచె ఏసుకుంటారు. మనది డి పట్టా. గవర్మెంటోళ్ళు ఇచ్చిందే, ఎప్పుడు లాక్కోవాలన్నా ఆళ్ళదే. మీ నాన్న ఆ కాయితం కోసం ఎన్నేళ్ళు తిరిగాడో నీకేం తెలుసు.”

“మేడం అట్టాంటిది కాదమ్మా.”

“మేడం జీపెక్కి పోద్ది. ఆ తర్వాత ఎవడొస్తాడో చెప్పు.”

నేను ముద్ద కలుపుకున్నాను. గుట్ట కింద ప్రభుత్వం మాలాంటివాళ్ళకు పంచిన భూమి, అమ్మకూడదు, కొనకూడదు, సాగు చేసుకుని తినాలి, అంతే. మా నాన్న నడుం ఆ భూమిలోనే రాళ్ళు ఏరి ఏరి పడిపోయింది. ఆ రాళ్ళే హద్దుకు పేర్చాడు. ఆ రాళ్ళ సందులోకే అలుగు వచ్చింది. ఎవరు కట్టిన ఇంట్లో ఎవరు కాపురమున్నారో చూడండి.

ఇన్నేళ్ళూ నేను చెప్పుకున్న కథ వేరు. అలుగు ఉందని రాస్తే వేటగాళ్ళకు తెలిసిపోతుంది, దాన్ని కాపాడటానికే నోరు మూసుకున్నానని. రూత్‌కు అదే చెప్పాను. దేవుడికీ అదే చెప్పాను. ఈ కుర్చీలో కూర్చుని, చీటీ చెమటకు తడిసి నంబరు అలుక్కుపోతుంటే, ఆ కథ నా నోటికి రావడం లేదు. మేడం రిపోర్టులో చోటు పేరు ఎప్పుడూ రాయదని నాకు తెలుసు, అలాంటి ప్రాణి ఉన్నచోట ఉత్త గుండ్రం గీసి వదిలేస్తుంది, వేటగాడికి ఏమీ దొరకదు. తెలిసే చెప్పుకున్నాను. ఆ ఫిబ్రవరిలో, ఎదురుగా ఏది కదిలినా ఫొటో తీసే రెండు కెమెరాలు ఆమె నాకు ఇచ్చి, ఎక్కడ కట్టాలో మీకే బాగా తెలుసు అంది. నాకే బాగా తెలుసు. పడమటి వాలులో, చీమ కూడా లేని బండల మీద కట్టాను. పదిహేను రోజులకు అందులో పడ్డవి రెండు కుందేళ్ళు, ఒక ముంగిస, మా ఊరి మేకలు, వాటి వెనకాల నేను. ఆ ఫొటో చూసి ఆమె పకపకా నవ్వింది. “మీరు కూడా కాపాడాల్సిన ప్రాణే ఐజాక్ గారూ” అంది.

ఆఖరి రోజు పొద్దున గుట్ట మీద నిలబడి అడిగింది. “అలుగు ఏమన్నా ఉందంటారా?” కింద మా పొలంలో కంది కొయ్యలు ఎండలో తెల్లగా ఉన్నాయి. బలుసు పొద కనిపిస్తూనే ఉంది. “లేదండి. మా నాన్న రోజుల్లో ఉండేదంట” అన్నాను. మాట ఇట్టే వచ్చేసింది. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఆమె రాసుకుంది. సాయంత్రం బస్టాండులో టీకొట్టు ముందు కూర్చున్నాం. నేను గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నాను, ఇప్పుడు పుస్తకం తీస్తుంది, ఇప్పుడు పెన్సిలు ఎత్తుతుంది, ఎత్తితే చెప్పేస్తాను, మా అమ్మ ఏమన్నా అననీ. దేవుడా, ఎత్తనీ. ఫోను మోగింది. విజయవాడలో వాళ్ళమ్మాయికి జ్వరం, జీపు కోసం ఆగకుండా ఎదురుగా ఉన్న బస్సెక్కేసింది. బస్సు కదులుతోంది. కిటికీలోంచి తల బయటపెట్టి ఆమె అన్న మాట నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. “మీ ఊరి లిస్టు ఇంకోసారి సరిచూడక్కర్లేదులెండి, మీరున్నారుగా!” అంది. చెయ్యూపింది. నేనూ ఊపాను. టీ చల్లారిపోయింది.

“ఇరవై ఎనిమిది! ఇరవై ఎనిమిది ఎవరండీ?” ఎవరూ లేవలేదు. ఆ మనిషి బిరియానీ తిని వెళ్ళిపోయి ఉంటాడని బ్రహ్మయ్య గారు ప్రకటించారు.

ఫారెస్టోళ్ళు రాలేదు. రెండేళ్ళకు వీఆర్వో వచ్చాడు, క్వారీకి లారీలు పోయే దారి కావాలని, ప్రభుత్వ అవసరమని, డి పట్టాలు వెనక్కి తీసుకుంటున్నామని నోటీసు ఇచ్చాడు. పొక్లెయిను హద్దురాళ్ళు ఎత్తి పక్కన పారేస్తుంటే మా అమ్మ గట్టు మీద కూర్చుంది. అప్పటికే ఆమెకు చూపు ఆనదు. “ఈళ్ళేనంట్రా ఫారెస్టోళ్ళు?” అంది. కాదమ్మా అన్నాను. “మరెవరు?” అంది. బలుసు పొద ఉన్నచోట గొయ్యి. మూడు రోజులు తిరిగాను, కొత్త మన్ను ఎక్కడా కనపడలేదు. విస్సన్నపేటలో తాబేలు కోసం ఆమె పైపులైను రెండు వందల మీటర్లు పక్కకు జరిపించింది, ఆ మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో గుండ్రం గీస్తుంటే రెండో చివర పట్టుకుంది నేనే. అలాంటి గుండ్రం మా హద్దురాళ్ళ మీద కూడా పడి ఉంటే దారి పక్కకు పోయేది. నాకు తెలుసు ఈ సంగతి. ఆ ఉద్యోగం ఆరేళ్ళు చేసినవాణ్ణి, నాకు తెలియకపోతే ఎవరికి తెలుసు. అయినా అమ్మ మాట విన్నాను, అమ్మ మాట కూడా కాదు, ఆఫీసు గుమ్మం అంటే మా ఇంట్లో తాతల నాటి నుంచి ఉన్న భయం మాట విన్నాను. తరువాత మేడం ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. పని ఉందని మెసేజీలు పెట్టేది. రెండోసారి అడగలేదు, నా భూమి పోగొట్టింది అని తిట్టుకుంటూ, ఆ మెసేజీలు చెరపకుండా దాచుకున్నాను.

రెండు వారాల కింద కొత్త నంబరు నుంచి మోగితే ఎత్తేశాను. “ఐజాక్ గారూ, నేనండీ. నల్లమల అంచున ఆరు నెలల పని. కుర్రాళ్ళు ఉన్నారు, అందరూ ఫోన్లు చూసి పిట్టల పేర్లు చెప్తారు. మీరు లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టుంది. వస్తారా?” మీటింగు అయ్యాక చెప్తానండి అన్నాను. రూత్ ఆ రోజే అటక మీంచి నా పాత కాన్వాసు బూట్లు దించి కడిగి ఎండేసింది. “వెళ్ళు. ఇంట్లో ఉండి గోడలతో పోట్లాడే కన్నా నయం” అంది. బూట్లు ఇప్పుడు నా కాళ్ళకున్నాయి. కాస్త బిగుతుగా ఉన్నాయి.

కానీ పోయిన నెల తూర్పు వాలుకు మేక తప్పిపోతే పోయాను. ఇంకా తవ్వని సగం అది. చెదపుట్ట ఒక పక్క చీల్చి ఉంది, మూడు గోళ్ళ గీతలు. దాని పైన బొరియ. మన్ను తడిగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ మన్నును అరచేతిలోకి తీసుకున్నాను. ఈ మిగిలిన సగం కోసం పంచాయతీ ఆఫీసులో పెట్టిన కొత్త రిపోర్టు తెలుగు కాపీ తీసి చదివాను. ‘గతంలో జరిపిన సర్వేలోను, అనుభవజ్ఞుడైన స్థానిక సహాయకుని సమాచారం ప్రకారమును, ఈ గుట్టపై అలుగు సంచారం లేదు.’ ఐదుసార్లు చదివాను. అనుభవజ్ఞుడు. నన్ను అంత పెద్ద మాటతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. నా అబద్ధం తొమ్మిదేళ్ళ తరువాత కూడా నా పక్షాన నిలబడి ఉంది, అచ్చులో. ఉందని చెప్పాలంటే, అప్పుడు లేదన్నది ఎవరో చెప్పాలి. చెప్పాక నల్లమలకు నన్నెవరు పిలుస్తారు? మూడో గడిలో అబద్ధమాడిన వాణ్ణి. ఆమె ఆరేళ్ళ పుస్తకాలన్నీ వెనక్కి తిరగేసుకోవాలి, ప్రతి తాబేలు, ప్రతి ఉడుము, ఇది నిజమా అని.

“ముప్పై ఏడు.”

లేచాను. ఇటిక పక్కకు పోయి కుర్చీ పడింది. “కానీయవయ్యా పిట్టలదొరా” అన్నారు బ్రహ్మయ్య గారు. మైకు దగ్గర ఆర్డీవో గారు తలెత్తకుండా పేరు చెప్పమన్నారు. “ఐజాకండి” అన్నాను. బల్ల పక్కన ఆమె గబుక్కున తలెత్తి, మొహమంతా నవ్వు చేసుకుని, “ఐజాక్ గారూ!” అంది పైకే, ఇంతమందిలో. నా కాళ్ళు తిరిగి కుర్చీ వైపు లాగాయి. ఏదో ఒకటి చెప్పి దిగిపోవచ్చు, దుమ్ము గురించి చెప్పవచ్చు. రేపు బస్సెక్కితే ఎల్లుండి పొద్దుటికి ఆమె పక్కన అడవిలో ఉంటాను. నేను మాట్లాడటం లేదని ఆమెకు అర్థమైంది. నవ్వు మెల్లగా తగ్గింది. పుస్తకం తెరిచింది. పెన్సిలు కాగితం మీంచి కాస్త పైకెత్తి, కళ్ళజోడు మీదుగా నన్ను చూసింది.

“అలుగు ఉందండి” అన్నాను. “తూర్పు వాలులో. పోయిన నెల మన్ను చూశాను. అప్పుడు కూడా ఉండేదండి మేడం, మా గట్టు మీదే, పిల్లతో. లేదని చెప్పింది నేనే. కెమెరాలు పడమటి బండల మీద కట్టింది కూడా తెలిసే.”

షామియానా కింద గొడవ లేచింది. కంపెనీ మనిషి ఒకడు వంగి ఆమె చెవిలో ఏదో అడుగుతున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. నా వైపు కూడా చూడలేదు. ఆమె చెయ్యి పేజీ మీద కుడివైపుకు, చివరి గడిలోకి పోయి, చాలాసేపు రాసింది. ఆ కళ్ళు మళ్ళీ ఎత్తుతుందేమోనని చూశాను. ఎత్తలేదు.

“సరే, అది నోట్ చేసుకుంటాం” అన్నారు ఆర్డీవో గారు. “క్వారీ వల్ల మీరు నష్టపోయిందేమన్నా ఉందా? రికార్డులో రాయాలి, కచ్చితంగా చెప్పండి.”

ఉందండి. నా నోటికి ఎన్నో వచ్చాయి, పాలపిట్ట నీలం, లాడ్జీ పక్కగది, ఇందాక మైకు దగ్గర వినపడిన ఆ ‘ఐజాక్ గారూ’ అన్న పిలుపు. అవి రాసుకునే గడి ఆయన కాగితంలో లేదు.

“తేనెగుట్ట కింద డి పట్టా అండి. సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై మూడు. ఒక ఎకరం ముప్పై ఎనిమిది సెంట్లు.”